పాటల పుస్తకంతో మొదలుపెట్టండి: పాత సినిమా పోస్టర్లు, కాగితాలు సేకరించే పద్ధతి

మా నాన్నగారు మండపేటలో ఒక సినిమా హాల్లో బుకింగ్‌లో కూర్చునేవారు. రెండో ఆట మొదలయ్యాక లెక్క కట్టి ఇంటికొచ్చేసరికి మేం సగం నిద్రలో ఉండేవాళ్లం. అప్పుడప్పుడు ఆయన చొక్కా జేబులో హాల్లో అమ్మే పాటల పుస్తకం ఒకటి ఉండేది. అమ్ముడుపోక మిగిలిందో, మూల నలిగిందో. అమ్మ వాటిని బియ్యం డబ్బా పక్కన రేకు పెట్టెలో దాచేది. నచ్చిన పాట పక్కన పెన్సిల్‌తో సన్నగా ఒక గీత పెట్టేది. 1991లో ఆ పెట్టె నా చేతికొచ్చింది. తెరిచి లెక్కపెడితే 43 పుస్తకాలు.

ఇప్పుడు నా దగ్గర పాటల పుస్తకాలు 900 పైచిలుకు, వాల్‌పోస్టర్లు 110 ఉన్నాయి. స్టిల్స్, ఫోటో కార్డులు రెండు అట్టపెట్టెల నిండా ఉన్నాయి. హైస్కూల్లో డ్రాయింగ్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. అందుకే ఏ పోస్టర్ చూసినా నా కన్ను ముందు అక్షరాల మీద పడుతుంది, తర్వాతే బొమ్మ మీదకి పోతుంది. ఆ అలవాటు ఈ పనిలో నన్ను చాలాసార్లు కాపాడింది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు అడిగేది "మంచి పోస్టర్ ఎక్కడ దొరుకుతుందండీ?" అని. ఆరు నెలలపాటు పోస్టర్ జోలికి పోవద్దని చెబుతాను. ఆ ఆరు నెలలూ పాటల పుస్తకాలు కొనండి. అవి చవక. చేతిలో పట్టుకుని రాత్రి తీరిగ్గా చదువుకోవచ్చు. పైగా ఒక పాత కాగితం ఎప్పటిదో, ఎక్కడ అచ్చయిందో, ఎవరి కోసం అచ్చయిందో కనిపెట్టడం వాటితోనే వస్తుంది. అది రాకుండా పోస్టర్ కొంటే అమ్మేవాడు చెప్పిందల్లా నమ్మాల్సి వస్తుంది.

పుస్తకాన్ని చదవడం

పాటల పుస్తకంలో ఏముంటుందో పాతవాళ్లకి తెలుసు. అట్ట మీద బొమ్మ, లోపల తారాగణం, సాంకేతిక నిపుణుల పేర్లు, కథాసంగ్రహం, పాటలు. కథ మంచి పట్టులో ఉండగా ఆపేసి, మిగతాది వెండితెర మీద చూడమంటారు. ఇవన్నీ చదువుకోండి. కానీ తేదీ కట్టడానికి మీకు పనికొచ్చేవి అట్టల మీద, అంచుల్లో, చిన్న అక్షరాల్లో ఉంటాయి.

మొదట ధర చూడండి. మన దేశంలో దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. అంతకుముందు రూపాయికి 16 అణాలు. 1957 నుంచి 1964 మే నెలాఖరు దాకా ఆ కొత్త నాణేలని నయా పైసలు అన్నారు, పుస్తకం మీద 'న.పై.' అని వేసేవారు. 1964 జూన్ 1 నుంచి 'నయా' పోయి, ఉత్త పైసలు మిగిలాయి. ఈ తేదీలు గుర్తుంటే చాలా వాటికి కాలం చెప్పేయొచ్చు. 'మాయాబజార్' సంగతే చూడండి. అది విడుదలైంది 1957 మార్చి 27న, కొత్త నాణేలకు సరిగ్గా ఐదు రోజుల ముందు. కాబట్టి ఎవరైనా పైసల ధర ఉన్న పుస్తకం చూపించి "ఇది మొదటి రోజు హాల్లో అమ్మింది" అంటే నేను ఆగుతాను. అది మళ్లీ ఆడినప్పుడు వేసిన పుస్తకం కావచ్చు. అదీ దాచుకోదగ్గదే, కాకపోతే ధర వేరు. అణాల్లో ధర ఉన్నంత మాత్రాన 1957కి ముందుదే అని కూడా తేల్చేయకండి. జనానికి అలవాటు పోవడానికి కొంత కాలం పట్టింది.

తర్వాత చిరునామా. పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది. 'మద్రాసు-17' అని మాత్రమే ఉంటే పాతదయ్యే అవకాశం ఎక్కువ. 'మద్రాసు-600 017' అని ఉంటే మాత్రం అది 1972 ఆగస్టుకు ముందు అచ్చయింది కాదు. 'చెన్నై' అని ఉంటే 1996 తర్వాతదని దాదాపు ఖాయంగా అనుకోవచ్చు.

మూడోది ప్రెస్సు పేరు. అప్పట్లో అమల్లో ఉన్న 1867 నాటి చట్టం ప్రకారం అచ్చయిన ప్రతి కాగితం మీదా ముద్రించినవారి పేరు, ఊరు ఉండాల్సి వచ్చేది. పాటల పుస్తకానికి వెనక అట్ట కింద, పోస్టర్‌కి అడుగు అంచున చీమ తలంత అక్షరాల్లో ఆ వరుస కనిపిస్తుంది. మద్రాసు ప్రెస్సులు, విజయవాడ ప్రెస్సులు, తర్వాతి రోజుల్లో శివకాశి ఆఫ్‌సెట్ ప్రెస్సులు. ఒక నోట్‌బుక్ పెట్టుకుని, ఏ ఏడాది సినిమాకి ఏ ప్రెస్సు పేరు కనిపించిందో రాసుకుంటూ పోండి. యాభై పుస్తకాలు దాటేసరికి, తేదీ లేని పోస్టర్ చేతికొచ్చినా మీకే ఒక అంచనా వస్తుంది.

ఈ వరుస విలువ తెలియక నేను నష్టపోయాను. 1994లో ఒక పోస్టర్‌ని ఫ్రేము కట్టించడానికి మా ఊళ్లో ఒక షాపులో ఇచ్చాను. ఫ్రేములో చక్కగా కూర్చోవాలని వాళ్లు అడుగున ఒక అంగుళం కత్తిరించేశారు. తీసుకున్నప్పుడు బాగుందనే అనుకున్నాను. నాలుగేళ్ల తర్వాత దాని కాలం తేల్చాల్సి వచ్చినప్పుడు ప్రెస్సు పేరు లేదు, చిత్రకారుడి సంతకం లేదు. ఆ పోస్టర్ మొదటి విడుదలదో, తర్వాతదో ఇవాళ్టికీ తేల్చలేకపోయాను. ఎవరికైనా ఫ్రేముకి ఇచ్చేటప్పుడు "ఒక్క మిల్లీమీటరు కూడా కొయ్యొద్దు" అని కాగితం మీద రాసి మరీ ఇవ్వండి.

ఇక పోస్టర్

మన ఊళ్లలో పోస్టర్‌ని అచ్చువేసింది గోడకి అంటించడానికే. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా కొంచెం మైలుతుత్తం కలిపి, బకెట్టుతో సైకిల్‌కి తగిలించుకుని తెల్లవారకముందే బయల్దేరేవాళ్లు. గోడకెక్కినది వానకి పోయింది, లేదా పశువులు తినేశాయి, లేదా దాని మీద వచ్చే వారం సినిమా ఎక్కింది. మనకి దొరికేవి అంటించకుండా హాల్లోనో, డిస్ట్రిబ్యూటర్ ఆఫీసులోనో మిగిలిపోయిన కట్టల్లోవి. అవి మడతపెట్టే వచ్చేవి. ఫిల్ము డబ్బాలతోపాటు రైల్లోనో బస్సులోనో పార్సిల్‌గా దిగేవి. అందుకే పాత పోస్టర్‌కి మడత గీతలు ఉండటం సహజం. ఆ గీతల దగ్గర రంగు రాలి, తెల్లటి కాగితం బయటపడి ఉంటుంది. మడతే లేకుండా తళతళలాడే 1950ల పోస్టర్ కనిపిస్తే నాకు ముందు అనుమానం వస్తుంది.

సైజులు తెలుసుకోండి. మామూలుగా ఇళ్లలో దాచుకోగలిగినవి 20×30, 30×40 అంగుళాలవి. పెద్ద వాల్‌పోస్టర్లని షీట్లుగా అచ్చువేసి గోడ మీద కలిపి అంటించేవారు. వాటిలో ఒక షీటు పోతే తల లేని హీరో మిగులుతాడు. పెద్దవి కొనేటప్పుడు నేల మీద అన్ని షీట్లూ పరిపించి, కలిపి చూశాకే డబ్బివ్వండి.

ఇంకో మాట. నలుపు తెలుపు సినిమాకి రంగుల పోస్టర్ ఉందని దాన్ని నకిలీ అనుకోవద్దు. సినిమా నలుపు తెలుపైనా పోస్టర్ రంగుల్లోనే వేసేవారు, గోడ మీద కంటికి ఆనాలి కదా. తెలుగులో పూర్తి నిడివి రంగుల చిత్రం 1963లో 'లవకుశ'తో వచ్చింది, సినిమాస్కోప్ 1974లో 'అల్లూరి సీతారామరాజు'తో వచ్చింది. పోస్టర్ మీద ఉన్న సాంకేతిక పదాలు ఆ సినిమా కాలానికి సరిపోతున్నాయా అని చూసుకోండి. 'మాయాబజార్' రంగులద్దుకుని 2010లో మళ్లీ విడుదలైంది కాబట్టి, దానికి ఆ కాలపు పోస్టర్లు కూడా ఉన్నాయి. వాటిని 1957వని అంటగట్టబోయినవాళ్లని నేనే చూశాను.

మళ్లీ విడుదల చేసినప్పటి పోస్టర్లను పట్టుకోవడానికి నాకు బాగా పనికొచ్చిన ఉపాయం ఒకటుంది. బొమ్మలో ఎవరెంత పెద్దగా ఉన్నారో చూడండి. మొదటిసారి చిన్న వేషం వేసిన నటుడు తర్వాత పెద్ద హీరో అయితే, రెండోసారి పోస్టర్లో ఆయన ముఖం పెరుగుతుంది. పాత పోస్టర్లలో అందరికన్నా పైన ఉండేది సంస్థ పేరు, 'విజయావారి', 'వాహినీవారి' అని. కాలం గడిచేకొద్దీ హీరో పేరు పైకెక్కింది.

చిత్రకారుల సంతకాలు వెతకండి. బాపు, కేతా, గంగాధర్, ఈశ్వర్. ఈశ్వర్‌గారిది మా గోదావరి జిల్లాల పాలకొల్లే. కేతాగారి దగ్గర పని నేర్చుకుని, 1967లో బాపుగారి తొలి సినిమా 'సాక్షి'తో పబ్లిసిటీ డిజైనర్‌గా మొదలుపెట్టారు. వేల సినిమాలకు పనిచేసి 2021లో కన్నుమూశారు. ఆయన రాసిన సినిమా పేర్లు చూస్తే ప్రతి అక్షరం ఆ కథ స్వభావాన్ని పట్టుకుని ఉంటుంది. పదో తరగతి పిల్లలకి అక్షరాలు దిద్దించేటప్పుడు నేను పోస్టర్లనే పాఠంగా పెట్టేదాన్ని. తలకట్టుని కత్తిగా, కొమ్ముని తీగగా మలచడం తెలుగు లిపికి వాళ్లు ఇచ్చిన కానుక. కంప్యూటర్ ఫాంట్లు వచ్చాక అది ఆగిపోయింది. ఆ చేతి అక్షరాలు మిగిలింది ఈ కాగితాల మీదే, అందుకే ఇవి తూకానికి పోతుంటే నాకు ప్రాణం ఒప్పదు.

నకలుని పట్టుకోవడం

పది రెట్లు పెద్దదిగా చూపించే లూప్ ఒకటి కొనుక్కోండి. వాచీలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకుంటారే, ఆ రకం. పాత లిథో పోస్టర్‌ని, అంటే రాతి పలక మీద గీసి అచ్చువేసినదాన్ని, దాంతో చూస్తే రంగు నిండుగా, కొంచెం గరుకు గరుకుగా కనిపిస్తుంది. ఆఫ్‌సెట్లో వరుసగా పేర్చిన చుక్కలు, చిన్న పువ్వుల్లా కనిపిస్తాయి. ఇంక్‌జెట్ నకలులో చుక్కలు చిలకరించినట్టు ఎటుపడితే అటు ఉంటాయి.

అయితే పాతదాన్ని ఫోటో తీసి ఆఫ్‌సెట్లోనే మళ్లీ వేసిన నకళ్లూ ఉన్నాయి. వాటికి అక్షరాలే సాక్ష్యం చెబుతాయి. అసలు పోస్టర్లో సినిమా పేరు అంచు బ్లేడుతో కోసినట్టు ఉంటుంది. నకలులో ఆ అక్షరం కూడా చుక్కలతో తయారై ఉంటుంది, అంచు మసకగా పాకుతుంది. బొమ్మని వదిలేసి ముందు సినిమా పేరు, తర్వాత ప్రెస్సు వరుస చూడండి. నకలులో ఆ చీమ తలంత అక్షరాలు మూసుకుపోయి ముద్దగా ఉంటాయి.

దొంగనోట్లు చూడటానికి షాపుల్లో వాడే నీలం లైటు చిన్న టార్చి రూపంలో దొరుకుతుంది. చీకట్లో దాన్ని కాగితం మీద వెయ్యండి. ఇప్పటి తెల్ల కాగితాల్లో చాలావాటికి కలిపే రసాయనం వల్ల అవి నీలంగా మెరుస్తాయి. 1940ల నాటి కాగితం అలా మెరవకూడదు. తర్వాతి దశాబ్దాల కాగితాలకి ఈ పరీక్ష అంత గట్టిది కాదు, మిగతా గుర్తులతో కలిపే చూడాలి.

2006లో నేను 6,500 రూపాయలు పెట్టి ఒక పౌరాణికం పోస్టర్ కొన్నాను. అమ్మినాయన తొందరపెట్టాడు, "ఇంకొకరు సాయంత్రం వస్తానన్నారమ్మా" అని. లూప్ ఇంట్లో మర్చిపోయి వెళ్లాను. ఇంటికొచ్చి చూస్తే అక్షరాల నిండా చుక్కలు, వెనక కాగితానికి టీ నీళ్లు పూసిన చారలు. అప్పటినుంచి నా పర్సులో లూప్ లేకుండా గడప దాటను, ఎవరు తొందరపెట్టినా ఆ రోజు కొనను.

ఎక్కడ వెతకాలి

హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాలు, విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్లు పాటల పుస్తకాలకి మంచి చోట్లు. సినిమా పత్రికల కట్టల మధ్యలో నలిగి ఉంటాయి, కట్ట మొత్తం విప్పించండి. విజయవాడ గాంధీనగర్లో ఒకప్పుడు వీధి వీధికీ డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులుండేవి. వాటిల్లో పనిచేసి రిటైరైనవాళ్ల ఇళ్లలో ఇంకా కాగితాలున్నాయి. ముంబై చోర్ బజార్లో హిందీ పోస్టర్లే ఎక్కువ, నకళ్లూ అంతే ఎక్కువ.

కానీ నాకు మంచివన్నీ దొరికింది మూతపడుతున్న హాళ్లలో, వాటి పక్క వీధిలో ఉండే పాత పేపర్ల కొట్లలో. మన జిల్లాల్లో హాళ్లు కల్యాణ మండపాలవుతున్నాయి, గోడౌన్లవుతున్నాయి. కూలగొట్టేముందు స్టోర్ రూమ్ ఖాళీ చేస్తారు. ఒకసారి రామచంద్రపురం వైపు ఒక కొట్లో, "ఇయ్యన్నీ తూకానికేనండి, మీకెందుకు టీచరుగారూ, దుమ్ము ఆయ్" అన్నాడు కొట్టతను. 14 కిలోలు. ఇంటికి తెచ్చి విప్పితే 22 పోస్టర్లు, ఒక అట్టపెట్టెలో హాల్లో ఇంటర్వెల్‌కి వేసే గాజు స్లైడ్లు. అతనికి తూకం ధర ఇచ్చి ఊరుకోలేదు. వాటి విలువ చెప్పి, ఇంకా వస్తే ఫోన్ చెయ్యమని పైన డబ్బిచ్చాను. తర్వాత పదేళ్లపాటు అతను నాకు ఫోన్ చేస్తూనే ఉన్నాడు. అమాయకుణ్ణి చేసి కొంటే ఆ ఒక్కరోజే దొరుకుతుంది.

హాలువాళ్లతో మాట్లాడేటప్పుడు ముందు ధర ఎత్తకండి. ఏ సినిమా ఎన్ని రోజులు ఆడింది, పోస్టర్లు ఎవరు అంటించేవారు, ఇవి అడగండి. ఆ కబుర్లన్నీ రాసుకోండి. పోస్టర్ మీద 'నేడే విడుదల', 'రోజూ 4 ఆటలు', హాలు పేరున్న స్లిప్పు అంటించి ఉంటే దాన్ని ఊడదీయకండి. కొంతమంది అది మచ్చ అనుకుంటారు. నా దృష్టిలో ఆ కాగితం ఏ ఊళ్లో బతికిందో చెప్పే ఆధారం అదొక్కటే.

ఫిల్ము ముక్కలు దొరికితే జాగ్రత్త. చిన్నప్పుడు అద్దంతో ఎండని మళ్లించి, భూతద్దం పెట్టి గోడ మీద బొమ్మ వేసుకున్నవాళ్లమే మనమంతా. కానీ 1950ల మొదట్లో ఆగిపోయిన నైట్రేట్ ఫిల్ము సులువుగా అంటుకుంటుంది, నీళ్లు పోసినా ఆరదు. బంకగా మారిన, గోధుమ రంగు పొడి రాలుతున్న పాత రీలు ఇంట్లో పెట్టుకోవద్దు. పుణెలో 1964 నుంచి నడుస్తున్న జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కి తెలియజేయండి. పులిసిన వెనిగర్ వాసన వచ్చే ఫిల్ము ఇంకో రకం. దానికి ఆ మంట భయం లేదు కానీ, ఆ ఆవిరి పక్కనున్న ఫిల్ముల్ని కూడా పాడుచేస్తుంది, విడిగా పెట్టాలి.

దాచడం

చేయకూడనివి ముందు చెబుతాను. లామినేషన్ చేయించకండి, అది తిరిగి రాదు. సెల్లోటేపు వేయకండి, పదేళ్లలో టేపు ఊడిపోయి పసుపు మరక కాగితంలోకి దిగుతుంది. ఫెవికాల్ వద్దు. వెనక మైదా జిగురు గట్టిపడి ఉంటే గోకకండి, నీళ్లలో నానబెట్టకండి. రంగు కదిలితే ఏమీ చేయలేం. విలువైనదైతే కాగితాల పరిరక్షణ తెలిసినవాళ్లకి ఇవ్వాలి. వారసత్వ సంపదని కాపాడే ఇన్‌టాక్ సంస్థకి బెంగళూరు, లక్నో లాంటి చోట్ల కేంద్రాలున్నాయి. వాళ్లు పల్చటి జపాన్ కాగితం, గోధుమ గంజి వాడతారు. అవసరమైతే తడితో మళ్లీ విప్పేయొచ్చు.

పాటల పుస్తకాల్ని ఒక్కోదాన్నీ పాలిస్టర్ కవర్లో పెట్టండి. బట్టల షాపుల్లో వచ్చే మెత్తటి వాసనేసే ప్లాస్టిక్ కవర్లు కాగితానికి అంటుకుపోతాయి. పోస్టర్లని మడతలు విప్పి పరిచి, మధ్యలో ఆమ్లం లేని కాగితం వేసి, పెద్ద అట్టల మధ్య పడుకోబెట్టాలి. చోటు లేకపోతే లావుపాటి గొట్టానికి బయటివైపు చుట్టండి, సన్నటి గొట్టంలోకి దూర్చకండి. తుప్పు పట్టిన పిన్నులు నెమ్మదిగా తీసేసి, ఆ పుస్తకాన్ని అలాగే వదిలేయండి, కొత్త పిన్ను కొట్టకండి.

మా కోస్తాలో అసలు శత్రువు తేమ. బీరువాని బయటి గోడకి ఆనించకండి, నేల నుంచి నాలుగంగుళాలు ఎత్తులో పెట్టండి. ముసురు రోజుల్లో తెరవకండి, ఎండ కాసిన రోజు తెరిచి గాలి తగలనివ్వండి. ఎండలో మాత్రం పెట్టొద్దు, ఎరుపు, పసుపు ముందు పోతాయి. కలరా ఉండలు కాగితానికి తగలకూడదు. రెండు నెలలకోసారి అన్నీ బయటికి తీసి చూసుకోవడాన్ని మించిన మందు నాకు కనిపించలేదు. పురుగు కనిపించిన పుస్తకాన్ని రెండు కవర్లలో గాలి చొరకుండా మూసి, డీప్ ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచుతాను. తీశాక ఒక రోజంతా కవర్ విప్పను, లేకపోతే చెమ్మ పడుతుంది. ఫోటోలకి, గాజు స్లైడ్లకి ఇది చేయకండి.

లెక్క రాయడం

కొన్న రోజే రాయాలి. వారం పోతే ఏ కట్ట ఎక్కడిదో మర్చిపోతాం. వస్తువు మీద పెన్ను పెట్టకుండా, విడి చీటీ మీద మెత్తటి పెన్సిల్‌తో నెంబరు వేసి కవర్లో పెట్టండి. నోట్‌బుక్‌లో ఆ నెంబరు కింద కొలత, ధర, ఎవరి దగ్గర, ప్రెస్సు వరుస, సంతకం, లోపాలు, అమ్మినవాళ్లు చెప్పిన కబురు. పాటల పుస్తకాల్ని 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో) స్కాన్ చేసి పెట్టుకుంటే, ఎవరైనా పాట అడిగినప్పుడల్లా అసలుని తాకనక్కర్లేదు. ఇలాంటి చిన్న కాగితాలే పెద్ద సంగతులు తేలుస్తాయి. మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' 1931లో వచ్చిందని ఎన్నో ఏళ్లు అనుకున్నాం. పాత పత్రాలూ ప్రకటనలూ తవ్వితీస్తేనే అది 1932 ఫిబ్రవరి 6 అని తేలింది.

నా నోట్‌బుక్‌లో మొదటి పేజీ ఇలా ఉంటుంది:

నెం. 1. మల్లీశ్వరి, పాటల పుస్తకం. అమ్మ పెట్టెలోది, 1991. కొన్నది కాదు. కుడి మూల నలిగింది, వెనక అట్ట మీద నూనె మరక. పిన్నులు తుప్పు, తీశాను. లోపల మూడు పాటల పక్కన పెన్సిల్ గీతలు ఉన్నాయి, చెరపకూడదు.